పైపు మీద అరచేయంత మూత

ఇన్సులేషన్ పనిలోకి కొత్తగా వచ్చే పిల్లలకు ఇప్పుడు మెత్తటి నల్ల రబ్బరు గొట్టం చేతికిస్తున్నారు. పొడుగునా చీరి పైపుకు తొడిగి, అంచులకు జిగురు పూస్తే పని అయినట్టే. మేము గాజు దూదితో చేసినవాళ్లం. దాని నూగు చర్మంలోకి దిగితే సబ్బుకు పోదు. కొబ్బరినూనె రాసుకుని పాత గుడ్డతో ఎంత తుడుచుకున్నా మోచేతుల దగ్గర దురద మిగిలే ఉండేది. ఇన్నేళ్ల పనిలో బాగా గుర్తుండిపోయిన ఫ్యాక్టరీ ఏదని మొన్న మీలో ఒకమ్మాయి అడిగింది. ఏ ఫ్యాక్టరీ కాదు. ఉప్పల్‌లో ఒక ఇల్లు, అందులో చేపల తొట్లు.

నాది జనగామ దిక్కు పల్లె. పెళ్లయ్యాక నాచారం వచ్చాం. మా ఆయన మిల్లులో బేళ్లు మోసేవాడు. నేను ఇండస్ట్రియల్ ఏరియాలో ఒక చిన్న ఇన్సులేషన్ కాంట్రాక్టు కంపెనీలో చేరాను. ఫ్యాక్టరీల్లో ఆవిరి పైపుల వేడి బయటికి పోకుండా, చల్లనీళ్ల పైపులకు బయటి వేడి తగలకుండా కప్పులు వేయడం మా కంపెనీ పని. ఆడవాళ్లకు మాత్రం ఒకటే పని ఇచ్చేవాళ్లు: తంతి జాలీ మీద గాజు దూది పరిచి పరుపులా కుట్టడం. నేను షెడ్డు దాటి సైటు మీదికి వెళ్లానంటే అది చాచా చలవే.

చాచా మా రేకు మేస్త్రి. మౌలాలి గుట్ట కింద ఉండేవాడు. మేము కప్పిన దూది మీద అల్యూమినియం రేకు తొడగడం ఆయన పని. అంచు మీద అంచు మడిచి చెక్క సుత్తితో కొడితే అతుకు ఎక్కడుందో వేలికి తగిలేది కాదు. "ఈమెకు కత్తెర మంచిగ నడుస్తది సాబ్, నా ఎంబడి పంపున్రి" అని ఆయనే మా సారును అడిగి నన్ను తీసుకుపోయాడు. నేను కొలిచి కోసేదాన్ని, ఆయన మడిచేవాడు. నన్ను బేటీ అని పిలిచేవాడు. మధ్యాహ్నం ఆయన సద్దిలో నుంచి ఒక రొట్టె నాకు, నా సద్దిలో నుంచి ఇంత చింతకాయ తొక్కు ఆయనకు పోకుండా మేము తిన్న రోజు లేదు.

తొంభైల మొదట్లో, ఎండలు ముదరకముందు, చాచా ఒక రోజు తనకు తెలిసిన పెద్దమనిషిని మా సారు దగ్గరికి తీసుకొచ్చాడు. రైల్వే వర్క్‌షాపులో పనిచేసి రిటైరైన మనిషి, అంతకుముందు మౌలాలిలోనే ఉండి, తర్వాత ఉప్పల్‌లో ఇల్లు కట్టుకున్నాడు. ఇంట్లో చేపల తొట్ల పైపులకు కప్పు వేయాలని ఆయన అడిగితే సారు ముందు నవ్వాడు. అప్పుడు మాకు పని తక్కువగా ఉండే రోజులు. "సరే, మిగిలిన ముక్కలతో చేసిపెట్టండి" అన్నాడు.

ఆ ఇంటికి వెళ్లేదాకా చేపల తొట్టి అంటే డాక్టర్ల దగ్గర, హోటళ్లలో ఉండే చిన్న గాజు డబ్బా అనుకున్నాను. ముందు గదిలో గోడ నిండా ఇనుప రాకులు, రాకుల మీద వరసగా గాజు తొట్లు. వాటిలో ఏంజెల్ చేపలు, పల్చగా, నిలువుగా, గాలిపటాలకు రెక్కలు కట్టినట్టు. గదిలో కుర్చీ వేసుకోవడానికి కూడా చోటు లేదు.

"ఇవన్నీ మా బిడ్డ పెంచుతది," అన్నాడు పెద్దాయన. "గుడ్లు పెట్టిచ్చి, పిల్లలను జేసి, దుకాణాలోళ్లకు ఇస్తది. మోటరు శురువుల ఈ అర్రలనే ఉండె. పక్కింటోళ్లు లొల్లి పెట్టిన్రు. బిడ్డకు ఇనవడదు గద, మోటరు ఎంత మోత జేస్తదో దానికేం ఎరుక. అందుకే పెరట్ల షెడ్డేసి ఆడ పెట్టిచ్చిన."

అదీ అసలు చిక్కు. మోటరు, నీళ్లు వడపోసే తొట్టి పెరట్లో దూరంగా మూల షెడ్డులో ఉన్నాయి. అక్కడి నుంచి నీళ్లు నేలలో పూడ్చిన పైపులో పెరడు దాటి, వంటింటి తలుపు పక్కన పైకి లేచి, పడమటి గోడ వెంట నడిచి ముందు గదికి చేరాలి. అదే దారిలో ఇంకో పైపు తిరిగి వెళ్లాలి. మధ్యాహ్నం నుంచి పొద్దుగూకేదాకా ఆ గోడ మీద ఎండ. నేలలో పైపు కూడా లోతుగా లేదు, రెండు జానల కింద అంతే. వేసవి మధ్యాహ్నం ముందు గదికి చేరే నీళ్లు వేన్నీళ్లే.

"పోయిన ఎండకాలం సూడలేకపోయినమ్మా," అన్నాడాయన నాతో. "పొద్దుగాల లేస్తే తొట్లమీద తేలుతుండె. అది అన్నం తినకపాయె. మా కొడుకు ఘట్‌కేసర్ల ఉంటడు. ఈసారి సుత గట్లనే అయితే ఇదంత బంద్ జేసి చెల్లెను పంపియ్యమన్నడు. ఆళ్లింట్ల పిల్లలున్నరు, పనుంది. నాకు సుత ఏం జెయ్యాల్నో సమజైతలేదు. నేను పోయినంక ఎవలు సూస్తరు దీన్ని?"

ఆ అమ్మాయి అప్పుడు తలుపు దగ్గర నిలబడి మా చేతుల్లోని థర్మకోల్ చిప్పలను చూస్తున్నది. పాతికేళ్ల లోపు ఉంటుంది. నూనె పెట్టి బిగించిన జడ, మోచేతుల దాకా తడిచిన జాకెట్టు. తల్లి ఉన్నప్పుడు సిటీలో చెవిటి పిల్లల బడికి పంపింది. తల్లి పోయాక చదువు ఆగింది. నాలుగక్షరాలు వచ్చుగాని ఒక సంగతి విడమరిచి రాసేంత రాదు. బడిలో నేర్చిన చేతుల భాష తల్లికి వచ్చేది. తండ్రికి తిను, రా, పో, పడుకో లాంటివి నాలుగైదు తెలుసు. ఆ ఇంట్లో ఆ ఇద్దరూ ఒకరంటే ఒకరు ప్రాణం పెట్టేవాళ్లు, రోజంతా కలిపి నాలుగు మాటలు కూడా చెప్పుకోలేకపోయేవాళ్లు.

పని మొదలుపెట్టాం. నేలలో పైపుకు గాజు దూది పనికిరాదు, తడిస్తే అది ఉన్నా లేనట్టే. అందుకని నేల తవ్వి, పైపుకు రెండు వైపులా థర్మకోల్ చిప్పలు మూసి, పాలిథిన్ చుట్టి, అతుకులకు తారు పూసి, అటూ ఇటూ ఇటుక పేర్చి, ఇసుక పోసి, పైన షాబాదు బండలు పరిచాం. పెరట్లో బట్టలుతికే నీళ్లు కూడా లోపలికి దిగకుండా చాచా బండల సందులను ఒకటికి రెండుసార్లు సిమెంటుతో నింపించాడు. గోడ మీది పైపుకు కూడా థర్మకోలే, దాని మీద గోనెగుడ్డ చుట్టి తారు పూయాలనుకున్నాం.

తారు రోజున ఒక గొడవ జరిగింది. పెరట్లో మూడు రాళ్లు పెట్టి తారు కాగబెడుతుంటే ఆ అమ్మాయి బకెట్ నిండా నీళ్లు తెచ్చి పొయ్యి మీద కుమ్మరించింది. పొగ కమ్మింది. చాచా గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. ఆమె ఆయన చొక్కా చెయ్యి పట్టుకుని షెడ్డులోకి లాక్కుపోయి, వడపోత తొట్టి నీళ్లు చూపించి, ముక్కు మూసుకుని, పొగ వైపు వేలు చూపించింది. తారు వాసన ఆ నీళ్లలో దిగుతుందని ఆమె భయం. చాచా కోపగించుకోలేదు. "సహీ బాత్" అంటూ రాళ్లు మోసుకెళ్లి వీధిలో, గేటు అవతల పొయ్యి పెట్టుకున్నాడు. ఆ రోజు నుంచి ఆమె మాకు చాయ్ ఇచ్చేటప్పుడు ముందు ఆయనకే ఇచ్చేది.

పని పూర్తయింది. ఎండలు మొదలయ్యాయి. ముందు గదికి నీళ్లు చల్లగానే చేరుతున్నాయని పెద్దాయన చాచాకు చెప్పి పంపాడు. మేము మళ్లీ ఫ్యాక్టరీ పనిలో పడ్డాం. కొద్ది రోజులకే ఇంకో కబురు వచ్చింది. వంటింటి తలుపు పక్కన పైపు కప్పు చిరిగిందట.

వెళ్లి చూశాం. ఛాతీ ఎత్తులో, చేయి వెడల్పున గోనెగుడ్డ, దాని కింద థర్మకోల్ తొలిచేసి ఉంది. లోపల పైపు కనిపిస్తున్నది. ఉడుతలు చేసి ఉంటాయనుకుని పూడ్చి వచ్చాం. వారం తిరగకుండా మళ్లీ అదే చోట, అంతే వెడల్పున. ఈసారి అంచులు తిన్నగా ఉన్నాయి. ఉడుతలు అలా కోయవు.

"మా బిడ్డే," అన్నాడు పెద్దాయన తల దించుకుని. "కూరగాయలు కోసే కత్తితోని కోసింది. ఎందుకు కోసినవంటే పైపు సూపిస్తది, తన రొమ్ము సూపిస్తది. నాకేం తెల్వదాయె. ఇది మంచిగ కనవడ్తలేదని కోపమేమో."

చాచాకు అప్పుడు మాత్రం కష్టం కలిగింది. పనిని ఎవరైనా తప్పుపడితే ఊరుకునేవాడు, చెడగొడితే తట్టుకోలేకపోయేవాడు. ఆ అమ్మాయి ఏదో చెప్పాలని ఆయన ఎదురుగా నిలబడి చేతులు ఊపింది. ఆయన చూడకుండా పక్కకు తిరిగి నాతో, "రేకు తెద్దం బేటీ. దానికి కత్తి దిగదు" అన్నాడు. పైపు పొడుగునా అల్యూమినియం రేకు తొడిగి స్క్రూలు బిగించాడు. అంత అందమైన పని పెద్ద పెద్ద ఫ్యాక్టరీల్లో కూడా చేసి ఉండడు. ఆ అమ్మాయి వంటింటి గడప మీద కూర్చుని పొద్దంతా చూసింది. చాయ్ ఇచ్చింది గాని ఆ రోజు ఆయనకు చివర ఇచ్చింది.

ఒక అతుకుకు తారు పూయడం మిగిలింది. మరుసటి ఆదివారం చాచా చుట్టాలింట్లో పెళ్లి. "నువ్వు పోయి పూసి రా" అన్నాడు. నేను నాచారంలో ఆరాధన ముగించుకుని, తెల్లచీరతోనే ఉప్పల్ బస్సెక్కాను. తెల్లచీర కట్టుకుని తారు పనికి బయలుదేరినందుకు మా ఆయన వారం రోజులు నవ్వాడు.

నేను వెళ్లేసరికి కరెంటు లేదు. ఆ వేసవిలో రోజూ పోయేది. పెద్దాయన వసారాలో పడక్కుర్చీలో విసనకర్రతో కూర్చున్నాడు. అమ్మాయి తొట్ల దగ్గర నిలబడి ఒక్కో తొట్టిలో మగ్గుతో నీళ్లు ముంచి పైనుంచి పోస్తున్నది, చేపలకు గాలి ఆడేందుకు. కొంతసేపటికి కరెంటు వచ్చింది. షెడ్డులో మోటరు మోగింది. "వచ్చింది" అని పెద్దాయన విసనకర్ర ఒళ్లో పెట్టుకుని కళ్లు మూసుకున్నాడు. నేను కూడా నిశ్చింతగా, కాచకుండానే పూసే తారు డబ్బా మూత తీశాను.

ఆ అమ్మాయి ఫ్యాను తిరగడం చూసి పరుగున బయటికి వచ్చింది. వంటింటి తలుపు పక్కన పైపు మీద అరచేయి పెట్టింది. రేకు ఎండకు కాలుతున్నది, చటుక్కున తీసింది. కొంగు అడ్డం పెట్టి మళ్లీ ఆనించింది. పైకి, కిందికి జరిపింది. చివరకు నుదురు ఆనించి నిలబడింది. నేను తారు కుంచెతో అలాగే చూస్తున్నాను. ఆమె నన్ను చూసి, వచ్చి నా మణికట్టు పట్టుకుంది.

షెడ్డుకు తీసుకుపోయి మోటరు పక్కన పైపు మీద నా చేయి పెట్టించింది. మోటరు అదురు నా మోచేతిదాకా పాకింది. ఆమె మోటరును చూపి వేలు గిరగిరా తిప్పింది. తర్వాత చేతిని పాములా ముందుకు కదిలించింది, నీళ్లు పారినట్టు. పారుతున్నాయా అన్నట్టు నా ముఖంలోకి చూసి, తెలియదని తల అడ్డంగా ఊపింది. నిజమే, అక్కడ ఎవరికీ తెలియదు. మోటరు అదురులో నీళ్ల అదురు కలిసిపోతుంది. అది తెలియాలంటే దూరంగా వెళ్లాలి, మోటరు అదురు నేలలో అణగిపోయి నీళ్ల కదలిక ఒక్కటే మిగిలే చోటికి. ఆ చోటు వంటింటి తలుపు పక్కన ఉంది. ఇన్నాళ్లూ ఆమె రోజుకు ఎన్నిసార్లో, రొమ్ము మీద చేయి వేసి గుండె చప్పుడు చూసుకున్నట్టు, అక్కడ చేయి పెట్టి వినేది. మేము వెళ్లి ఆ చోటు మూసేశాం. ఒకసారి గోనెతో, ఒకసారి ఇంకా గట్టిగా, మూడోసారి రేకుతో.

అప్పుడు నాకు ఇంకో సంగతి తట్టింది. తొట్లలోకి నీళ్లు అడుగున ఇసుకలో నుంచి వచ్చేట్టు పెట్టారు, వస్తున్నాయో లేదో పైకి కనిపించదు. మోటరు మోగుతున్నదని మేమిద్దరం హాయిగా కూర్చున్నాం. ఆమె ఒక్కతికే నమ్మకం కలగలేదు.

మా పనిముట్ల సంచి షెడ్డులోనే ఉంది. రేకు కత్తెర తీసుకున్నాను. చాచా మడిచిన అంచులోకి దాన్ని దింపేటప్పుడు ఆయన ముఖం కళ్ల ముందు కనిపించింది. అయినా కోశాను. థర్మకోల్ పెళ్లగించగానే ఆమె నన్ను తోసుకుని వచ్చి పైపును పిడికిట పట్టింది. ఒక్క క్షణం. గొంతులో నుంచి ఏదో శబ్దం చేసి షెడ్డులోకి పరుగెత్తింది.

మోటరులో గాలి పట్టింది. కరెంటు పోయి వచ్చినప్పుడు అప్పుడప్పుడూ అలా అవుతుంది, మోటరు ఉత్తగా తిరుగుతుంది, నీళ్లు లాగదు. ఆమె స్విచ్ ఆపి, మోటరు మీది మూత తిప్పి, చెంబుతో నీళ్లు పోసింది. బుడగలు పైకి వచ్చాయి. మళ్లీ పోసింది, మూత బిగించి స్విచ్ వేసి, గోడ దగ్గరికి వెళ్లమని నాకు సైగ చేసింది. నేను వెళ్లి పైపు మీద చేయి పెట్టాను. ముందు ఏమీ లేదు, వేడిగా, మొద్దుగా ఉంది. తర్వాత ఎక్కడో దూరంగా మొదలై చేతి కిందికి వచ్చింది. పాలు తాగి పడుకున్న పసిపిల్ల వీపు మీద చేయి వేస్తే లోపల శ్వాస తెలుస్తుందే, అలా. చేతి కింద పైపు మెల్లగా చల్లబడింది. నాకు ఆమె సైగలు రావు. చేయి పైకెత్తి ఊపాను. ఆమెకు అర్థమైంది.

అన్నీ బతకలేదు. కింది రాకులో చేపపిల్లలు కొన్ని పోయాయి. మిగిలినవి పైకి వచ్చి నోళ్లు తెరిచి గుటకలు వేస్తూ వేస్తూ, సాయంత్రానికి కిందికి దిగాయి. పెద్దాయన లేచి వచ్చి కోసిన రేకును, నన్ను, కూతురిని చూశాడు. ఏం జరిగిందో నేను చెప్పాను. కోసిన చోట పైపును తడిమాడు.

"అలిసిపోయి గోడకు ఆనుకుంటదనుకున్న," అన్నాడు. "ఆడ నిలవడకు, ఎండ తాకుతదని ఎన్నిమాట్ల పక్కకు గుంజిన్నో."

మరునాడు సాయంత్రం చాచాను తీసుకొచ్చాను. దారిలో రేకు కోసిన సంగతి మాత్రమే చెప్పాను, ఎందుకో చెప్పలేదు. చెప్పినా మాటల్లో అది అందదనిపించింది. ఆయన కోసిన అంచును వేలితో తడిమి, నా వైపు చూశాడు. అప్పుడే ఆ అమ్మాయి వంటింట్లో నుంచి వచ్చి, మమ్మల్ని దాటుకుని వెళ్తూ, అలవాటుగా పైపు మీద చేయి వేసి, రెండడుగులు వేసి ఆగి, వెనక్కి చూసింది. చాచా ఆమె చేయి తీసిన చోట తన చేయి పెట్టాడు. కళ్లు మూసుకున్నాడు. మేము అక్కడే ఉన్నామన్న సంగతి మరిచినట్టు నిలబడ్డాడు.

"బేటీ," అన్నాడు కళ్లు తెరవకుండానే, "ఫ్యాక్టరీల వాల్వులకు డబ్బాలు జేస్తం గద, తీసి పెట్టేటియి. గసొంటిది ఒకటి జేద్దం."

ఆ డబ్బా చేయడానికి ఆయన ఆ వారం తీరిక దొరికినప్పుడల్లా కూర్చున్నాడు. అరచేయంత రేకు మూత, లోపల థర్మకోల్ ముక్క, ఒక పక్క చిన్న కీలు, ఇంకో పక్క కొక్కెం. తెరిస్తే పైపు చేతికి తగులుతుంది, మూస్తే ఎండ లోపలికి పోదు. చేయి కోసుకోకుండా అంచులన్నీ లోపలికి మడిచాడు. బిగించిన రోజున ఆ అమ్మాయి మూత తెరిచి, మూసి, తెరిచి, తర్వాత ఆయన చేయి పట్టుకుని ఆ కీలు మీద పెట్టి నొక్కింది. ఆ సాయంత్రం మొదటి చాయ్ మళ్లీ ఆయనదే.

ఆ ఎండాకాలం గడిచిపోయింది. మృగశిర నాడు, వీధి వీధంతా చేపలు వేగుతున్న వాసన వస్తుంటే, నేను, చాచా ఆ ఇంటికి వెళ్లాం. మొదటి వానలకు నేలలోకి నీళ్లు దిగాయేమో చూడాలి. ఒక బండ లేపి చూస్తే లోపల ఇసుక పొడిగా ఉంది. చాచా ఆ ఇసుకను పిడికిట్లో తీసుకుని వేళ్ల సందుల్లో నుంచి జారవిడుస్తున్నాడు, అప్పుడే ఘట్‌కేసర్ నుంచి కొడుకు ఆటోలో దిగాడు. చెడ్డవాడు కాదు. వస్తూ చెల్లెలికి గాజులు తెచ్చాడు.

"నాయినా, ఈమెను నేను తోల్కపోత," అన్నాడు. "చేపలు బతికినయంటున్నవ్, మంచిదే. మల్ల వచ్చే ఎండకాలానికి ఏమైతదో. నువ్వు ఎన్నొద్దులు కావలుంటవ్ దీనికి?"

"నేనెక్కడ కావలున్న బిడ్డా," అన్నాడు పెద్దాయన. "మోటరు మోగుతుంటె ఇనుకుంట నిదురవోయిన. లేపింది ఆమె." తర్వాత కొడుకును వంటింటి తలుపు దగ్గరికి తీసుకుపోయి, మూత తెరిచి, "చెయ్యి పెట్టు" అన్నాడు.

కొడుకు పెట్టాడు. "ఏం తెలుస్తలేదు నాయినా. సల్లగున్నది, గంతే."

"నాకు సుత తెల్వది. ఆమెకు తెలుస్తది. నీళ్లు మెల్లగైనా, ఆగినా, చెత్త అడ్డం పడినా అన్ని తెలుస్తయి. ఆమె నీ ఇంటికొస్తే నీకు పనికొస్తది, నిజమే. ఈడ లేకుంటె ఈ ఇల్లే నడవది."

అన్న ఏదో చెప్పబోయాడు. అమ్మాయి వాళ్ల పెదవుల వైపు చూస్తున్నది. ఎంత అర్థమైందో నాకు తెలియదు, ఆటో వీధిలో ఆగి ఉండటం మాత్రం చూసింది. వచ్చి, అన్న చేతిని మెల్లగా పైపు మీది నుంచి తీసి, మూత వేసి, కొక్కెం పెట్టింది. గాజులు మాత్రం తొడిగించుకుంది. అన్న భోజనం చేసి, ఒక్కడే వెళ్లిపోయాడు.

తిరుగు బస్సులో చాచా కిటికీ వైపు కూర్చున్నాడు. హబ్సిగూడ దాటాక, బస్సులో అందరూ తిరిగి చూసేంత గట్టిగా అన్నాడు, "బేటీ, నాకు చెవులు పోతున్నయి."

రేకు మీద సుత్తి దెబ్బలు వినీ వినీ ఎడమ చెవి ఎప్పుడో పోయిందట, కుడిది కూడా పోతున్నదట. ఆయన ఎప్పుడూ గట్టిగా మాట్లాడటం స్వభావమని మేము అనుకున్నాం. ఇంట్లో చెప్పలేదు, పని మానిపిస్తారని. సారుకు చెప్పలేదు, ఇంటికి పంపిస్తాడని.

"దవాఖానాకు పోదాం చాచా," అన్నాను ఆయన కుడిచెవి దగ్గర.

"పోయిన. వాపస్ రావు అన్నరు." కిటికీ నుంచి నా వైపు తిరిగి, "ఆ బిడ్డకు వచ్చిన మాటలు నాకు నేర్పుతదా అడుగుదమా" అన్నాడు.

అడగాల్సిన పని కూడా పడలేదు. ఆ తర్వాత ఆదివారాలు సాయంత్రం చాచా బేకరీ బిస్కెట్ల పొట్లం పట్టుకుని ఉప్పల్ వెళ్లేవాడు. వసారాలో ఆ అమ్మాయి ఎదురుగా కూర్చునేవాడు. ఆమె నేర్పడంలో చండశాసనురాలు, వేలు తప్పుగా పెడితే చేతి మీద కొట్టేది. పక్కన కూర్చున్న పెద్దాయనకు కూడా దెబ్బలు తప్పలేదు. ఆ వయసులో ఆ ఇద్దరు ముసలివాళ్లు వేళ్లు తిప్పుకుంటూ, తప్పులు చేస్తూ నేర్చుకున్నారు. పెద్దాయన కూతురితో మొదటిసారి పూర్తి మాట ఒకటి మాట్లాడిన రోజున చాచా దాన్ని నాకు చేతులతో చేసి చూపించాడు. "మీ అమ్మ ఉంటే సంతోషపడేది" అని దాని అర్థమట.

ఆయన నేర్చుకున్నది ఫ్యాక్టరీకి కూడా వచ్చింది. బాయిలర్ దగ్గర ఎలాగూ ఎవరి మాట ఎవరికీ వినపడదు. గొంతు చించుకోవడం కంటే ఇది మేలని ముందు నేను, తర్వాత మా ముఠా అంతా అందుకున్నాం. రేకు కావాలి, కత్తెర పైకి పంపు, జాగ్రత్త, చాయ్ వచ్చింది, సారు వస్తున్నాడు, ఇలాంటివి. సారుకు చాచా చెవుల సంగతి తెలిసేసరికి ఆయన లేకుండా మా పని ఎలా నడుస్తుందో ఎవరికీ తోచని స్థితికి వచ్చేశాం. చేతులు వణికేదాకా చాచా పనిచేసే వెళ్లాడు.

ఆయన పని మానిన రోజు షెడ్డులో చిన్న సభ పెట్టాం. సారు శాలువా కప్పాడు. గేటు దగ్గర పెద్దాయన, కూతురు నిలబడి ఉన్నారు. ఆమె చేతిలో నీళ్లు నింపిన పాలిథిన్ సంచి, అందులో రెండు ఏంజెల్ చేపలు, చాచాకు. ఆమె మా షెడ్డుకు రావడం అదే మొదలు. లోపల రేకులు కోసే మిషన్ మోగుతున్నది. ఆ మోతలో మావాళ్లు అటు మూల నుంచి ఇటు మూలకు చేతులతో మాట్లాడుకుంటున్నారు. ఆమె గేటు దగ్గరే ఆగిపోయింది. సంచి తండ్రి చేతికిచ్చింది. తన బడిలో తప్ప ఎక్కడా, ఇంతమంది మధ్య, ఆమె ఆ మాటలు చూసి ఉండదు. కళ్లు తుడుచుకుంది.

అప్పుడు మాలో ఒకాయన చాయ్ కెటిల్ రావడం చూసి, రోజూ చేసినట్టే చేయి చాచి, అరచేతిని వెల్లకిలా తిప్పి అందరికీ చూపించాడు. చాయ్ వచ్చింది అని.

ఆమె ముఖం మారింది. నేరుగా వెళ్లి ఆయన మణికట్టు పట్టుకుని, తల అడ్డంగా ఊపింది. అరచేతిని సాసరులా గుంట చేసి, పెదవుల దగ్గరికి తెచ్చి చూపించింది. ఇది చాయ్. తర్వాత ఆయన చేసినట్టే చేతిని చదునుగా పెట్టి, వెల్లకిలా తిప్పి, కదలకుండా ఉంచింది.

చాచా అది చూసి బల్ల మీద కూలబడ్డాడు. శాలువా కొంగుతో కళ్లు ఒత్తుకుంటూ నవ్వుతూనే ఉన్నాడు. ఏమైంది చాచా అని అందరం చుట్టూ చేరాం.

"చేప సచ్చిపోయింది," అన్నాడాయన, మాట తెమలక. "గదీ దాని అర్థం. నేనే రెండిట్ని కలగలిపి మీకు నేర్పిన. ఇన్నేండ్ల సంది మనం చాయ్ వచ్చినప్పుడల్ల చేప సచ్చిపోయిందని చెప్పుకుంట పరుగెత్తుతున్నం."

ఆమె మమ్మల్నందరినీ వరసగా నిలబెట్టి, ఒక్కొక్కరి చేతినీ పట్టుకుని సరిచేసింది. సారు చేతిని కూడా. అది అయ్యాకే చాయ్ పోయనిచ్చింది.